నాలుగో పేజీ

3, సోమవారం

ఏడో నంబరు మంచం పేషెంటుని అంచనా వేసే పని ఇవాళ్టితో పూర్తయింది. వార్డంతా ఆమెని కండక్టరమ్మ అంటారు. ముప్పై నాలుగేళ్ళు బస్సులో టికెట్లు ఇచ్చి రిటైరైన మనిషి, అరవై మూడేళ్ళు. పక్షవాతం వచ్చి మూడు వారాలు. ఎడమ చెయ్యి పెద్దగా పనికిరాదు, ఎడమ కాలు కర్ర ఉంటే నడుస్తుంది. అసలు చిక్కు అది కాదు. ఆమెకి ఎడమవైపు ప్రపంచం లేదు. కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి, మెదడే ఆ వైపుని లెక్కలోంచి తీసేసింది. కంచంలో కుడి సగం తినేసి ఇంకాస్త పెట్టమంటుంది, ఎడమ సగం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

మధ్యాహ్నం పేషెంట్లు ఇంటి పనులు సాధన చేసే మా అభ్యాస వంటింట్లో టీ పెట్టమన్నాను. ఆ వంటింటి కోసం నేను మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. గట్టు ఎత్తు దగ్గర్నుంచి అలమర పిడి దాకా కొలతలన్నీ నావే. కండక్టరమ్మ గిన్నెలో నీళ్ళు పోసి, పాలు ముందా పొడి ముందా అన్నట్టు చాలాసేపు నిలబడింది. చక్కెర అనుకుని ఉప్పు వేసింది. టీ పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆవిడ నా వైపు తిరిగి "అయిపోయిందండి" అంది. చూస్తున్న ఆరుగురు సిబ్బందిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పని వరస తప్పింది. ప్రమాదాన్ని గుర్తించలేదు. ఒంటరిగా ఉండడం క్షేమం కాదు." అని రాసి సంతకం పెట్టాను. మా అంచనా ఫారం ఆరు పేజీలూ నింపాను, నాలుగో పేజీతో సహా.

ఆమె తమ్ముడు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. "మీరు రాశాక ఇక తిరుగులేదు మేడమ్. నేను చెప్తే అక్క వినదు" అన్నాడు. పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి మాట్లాడి ఉంచాడట. ఇరవై ఆరున పెద్ద డాక్టరుగారి మీటింగులో ఖాయమవుతుంది.

4, మంగళవారం

మా ఫారం గురించి నా ఉపన్యాసం బాగా వచ్చింది. ఐదు ఆసుపత్రుల నుంచి ఎనభై మంది దాకా వచ్చారు. మా ఫారం అన్నిచోట్లా పెడతారట. "చేతిని బాగుచేసి పంపడం కాదు మన పని. ఆ చెయ్యి ఎవరిది, ఏ ఇంట్లో, ఏ పొద్దున, దేన్ని పట్టుకోవాలనుకుంటోంది? అది తెలియకుండా మొదలెట్టకండి. మొత్తం మనిషిని చూడండి" అన్నాను. నాలుగో పేజీ ఈ ఫారానికి గుండెకాయ అని కూడా అన్నాను. అలవాట్లు, ఇష్టాలు, రోజు గడిచే తీరు ఉండేది అక్కడే. చప్పట్లు కొట్టారు.

మా ఆయన మాత్రం, "పాతికేళ్ళయింది, మీ ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఉద్యోగాలిప్పించే ఆఫీసనే మా వాళ్ళు ఇంకా అనుకుంటున్నారు" అన్నాడు. ఆయనకి ఈ జోకు ఎప్పటికీ పాతబడదు.

5, బుధవారం

విశేషం లేదు. గొంతు బొంగురుపోయింది.

10, సోమవారం

కండక్టరమ్మ పొద్దున్నే పట్టుకుంది. "మేడమ్, నా నల్ల బూట్లు కావాలి. ఈ ఆస్పత్రి చెప్పులు జారుతున్నాయి."

"ఎక్కడున్నాయి?"

"వంటింట్లో. గట్టు కింద."

పక్కనే ఉన్న ఫిజియోథెరపీ ఆయన్ని మేమంతా మాస్టారు అంటాం, ఎవరినైనా బడిపిల్లల్లా నిలబెట్టి కసరత్తు చేయిస్తాడని. ఆయన వైపు చూశాను. ఆయన కూడా నా వైపు చూశాడు. బయటికొచ్చి చార్టులో రాశాను: "గదులు, వస్తువులు కలిపేస్తోంది. అయోమయం మొదలైనట్టుంది." హోమే మంచిదన్నమాట. నా అంచనా సరైనదేనని తేలినందుకు కొంచెం తృప్తిగా కూడా అనిపించింది. అది రాయకూడదు గానీ రాస్తున్నాను, ఎలాగూ దీన్ని చదివేది నేనే.

తమ్ముడికి వీలు కాదట. తాళం నాకిచ్చాడు, ఆ ఇల్లు నేను వెళ్ళే దారిలోనే.

11, మంగళవారం

బూట్లు వంటింట్లోనే ఉన్నాయి.

12, బుధవారం

నిన్న రాయడానికి చెయ్యి రాలేదు.

మొదటి అంతస్తులో రెండు గదులు. వంటింట్లో గట్టు ఉంది, గట్టు మీద పొయ్యి లేదు. పొయ్యి ఉండాల్సిన చోట ఇస్త్రీపెట్టె, మడతపెట్టిన యూనిఫాం చొక్కాలు నాలుగు, ఒక రేడియో. గట్టు కింద మూడు జతల నల్ల బూట్లు వరసగా ఉన్నాయి, పక్కన పాలిష్ డబ్బా, బ్రష్షు. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే గిన్నె. దాన్నిండా గుండీలు, సూదులు.

కింద ఉండే ఇంటావిడ నా వాలకం చూసి వచ్చింది. "ఏం వెతుకుతున్నారు?"

"పొయ్యి."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆవిడకా? తెల్లారి నాలుగింటి డ్యూటీ మనిషి. ఇన్నేళ్ళలో ఆ వంటింట్లో పొయ్యి వెలగడం నేను చూడలేదు. రెండు పూటలా మెస్సు క్యారేజీ, టీకి ఎదురుగా కొట్టు. అంతే."

అంటే కండక్టరమ్మకి టీ పెట్టడం రాదు. మర్చిపోవడం కాదు, రానే రాదు. ఈ జన్మలో ఎప్పుడూ పెట్టలేదు. నేను ఆవిణ్ణి తీసుకెళ్ళి ఆరుగురి ముందు నిలబెట్టి టీ పెట్టించి, రాలేదు గనక మెదడు చెడిందని రాశాను. అద్భుతంగా పప్పులో కాలేశాను.

వార్డుకి తిరిగొచ్చి ఫారం తీసి చూశాను. నాలుగో పేజీ, నా చేతిరాత. "వంట, ఇంటిపని." ఆమె చెప్పే ఉంటుంది. చెప్పకుండా నేనెందుకు రాస్తాను?

13, గురువారం

ఫారం నింపిన రోజు రద్దీ ఎక్కువ. తొమ్మిది కొత్త కేసులు. అయినా అడిగాననే గుర్తు. అడిగి ఉంటాను.

బూట్లు ఇచ్చాను. ఒంటి చేత్తో తొడుక్కోవడానికి పదహారు నిమిషాలు పట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. లేసులు కట్టకుండా లోపలికి దోపేసింది. "బస్సులో లేసులు కట్టుకునే తీరికెక్కడిది" అంది.

అప్పుడడిగాను, "అమ్మా, టీ పెట్టడం రాదని ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మీరు పెట్టగలవా అని అడగలేదు కదా మేడమ్. పెట్టమన్నారు. పెట్టాను."

"రాదని చెప్పి ఉంటే..."

"అక్కడ ఆరుగురున్నారు, ముగ్గురు మగాళ్ళు. ఈ వయసులో ఒక ఆడది టీ పెట్టడం రాదని అందరి ముందు చెప్పుకోవాలా? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈ మాటకే నవ్వారు నన్ను. మా అమ్మ పోయేదాకా ఇదే ఏడుపు." బూటు మడమ నేలకి తట్టి, "దానికీ నేను ఇంటికి పోవడానికీ ఏంటి సంబంధం?" అంది.

ఆమెకి తెలియదు. తన టీ వల్లే ఇల్లు పోతోందని ఎవరూ చెప్పలేదు.

14, శుక్రవారం

అడగలేదు.

ఆడమనిషి, అరవై దాటింది, ఒంటరిగా ఉంటోంది. పెన్ను దానంతటదే రాసుకుపోయింది. నేను తల కూడా ఎత్తలేదు.

15, శనివారం

పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి టీ పరీక్ష చెల్లదని చెప్పాను. కారణం సగమే చెప్పాను. "ఆమెకి ఆ పని అలవాటు లేదట" అన్నాను, ఎవరో ఇవాళే చెప్పినట్టు.

ఆయన తొందరపడే మనిషి కాదు. చార్టు చూశారు. "టీ సంగతి తీసేయండి. కంచంలో సగం వదిలేస్తోంది, అవునా? మరి రోడ్డు దాటేటప్పుడు ఎడమవైపు నుంచి లారీ వస్తే?"

అది నిజం. నేను తప్పు పరీక్ష పెట్టినంత మాత్రాన ఆమె ఎడమవైపు తిరిగి రాదు.

"ఇరవై ఆరు దాకా టైముంది. క్షేమంగా ఉండగలదని చూపించండి. లేకపోతే హోమే" అన్నారు.

పదకొండు రోజులు. సరే.

16, ఆదివారం

సెలవు. అయినా వెళ్ళాను. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ఇంట్లో రోజు ఎలా గడుస్తుందో మొదటి నుంచి చెప్పమన్నాను. పెన్ను బయటికి తియ్యలేదు.

గంటన్నర చెప్పింది. ఐదింటికి లేవడం, స్నానం, ఇస్త్రీ చేసిన చొక్కా. ఏడుంపావుకి మెట్లు దిగడం. ఏడున్నరకి రోడ్డు దాటి టీ కొట్టు. కొట్టు పక్కనే బస్టాపు. అక్కడ బెంచీ మీద తొమ్మిదిన్నర దాకా కూర్చుంటుంది. ఏ బస్సు ఎటు పోతుందో, ఏది ఆలస్యమో, ఎక్కడ దిగి ఎక్కడ మారాలో జనం ఆమెనే అడుగుతారు. బోర్డు మీదున్న సమయాలు తప్పట, ఆరేళ్ళుగా ఎవరూ మార్చలేదట. "నేను లేకపోతే ఎంతమంది తప్పు బస్సెక్కుతున్నారో ఇప్పుడు" అంది. నిజంగా బాధపడుతోంది.

ఇదీ నాలుగో పేజీ. పొయ్యి లేదు, గరిటె లేదు. పద్నాలుగు మెట్లు, ఒక రోడ్డు, ఒక బెంచీ. నేను బాగుచెయ్యాల్సింది ఇంతే. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత ఆకలిగా తిన్నాను.

17, సోమవారం

ఎడమవైపు చూడండి, ఎడమవైపు చూడండి అని ఐదు వారాలుగా ఆమె చెవి దగ్గర జోరీగలా మోగుతున్నాం అందరం. ఎడమ అనేదే లేని మనిషికి ఆ మాట ఏం చెప్తుంది?

ఇవాళ ఒక పని చేశాను. వార్డులో రెండు వరసల మంచాలు, వరసకి ఎనిమిది. "అమ్మా, బస్సు నిండింది. ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పండి" అన్నాను.

నడుం నిటారు చేసింది. కర్ర తాటిస్తూ ఆ చివరిదాకా నడిచింది, పెదాలు కదుపుతూ. ఎనిమిది అంటుందని నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె అక్కడ వెనక్కి తిరిగి మళ్ళీ ఇంతదూరం నడిచి వచ్చి, "పద్నాలుగు. రెండు సీట్లు ఖాళీ" అంది. సరిగ్గా పద్నాలుగు.

మాస్టారు నోరు తెరిచాడు. నేను అడిగాను, ఇటువైపు వరస ఎలా కనిపించిందని.

"వెళ్ళేటప్పుడు ఒక వరస, వచ్చేటప్పుడు ఒక వరస. ఒక్క చూపులో రెండూ లెక్కేస్తే తప్పు వస్తుంది మేడమ్, ఎవరో ఒకరు టికెట్ లేకుండా దిగిపోతారు. తిరిగొస్తే అదీ కుడిచేతి వైపే కదా."

పుస్తకాల్లో ఉంది ఇది. ఎడమ దొరక్కపోతే కుడివైపు నుంచే చుట్టూ తిరగమని నేర్పండి అని. నేను చదివాను, పరీక్ష రాసి పాసయ్యాను. ఆమె ముప్పై నాలుగేళ్ళు చేసింది. కంచం కూడా అలాగే. ఇవాళ రాత్రి భోజనంలో సగం తిన్నాక కంచాన్ని తిప్పమన్నాను. తిప్పింది, మిగతాది చూసింది, నన్ను తిట్టింది. "ఐదు వారాల నుంచీ నాకు సగమే పెడుతున్నారనుకున్నాను. అలా తిప్పుకోమని ఎవరైనా చెప్పొచ్చుగా."

18, మంగళవారం

మెట్లు. ఎక్కడం పరవాలేదు, రెయిలింగు కుడి చేతికి వస్తుంది. దిగేటప్పుడు అదే రెయిలింగు ఎడమకి పోతుంది, అంటే ఉండదు. రెయిలింగు వైపు తిరిగి, దాన్ని కుడిచేత్తో పట్టుకుని పక్కగా దిగమన్నాను. "పీతలాగానా?" అంది. అవునన్నాను. పన్నెండుసార్లు దిగింది. చివరికి నా మోకాళ్ళు పట్టేశాయి, ఆమెవి కాదు.

20, గురువారం

ఆసుపత్రి ముందు రోడ్డు. మొదటి సగం బాగానే దాటింది, బళ్ళు కుడి నుంచే వస్తాయి గనక. నడుమ దిమ్మె మీద ఆగి కుడివైపుగా చుట్టూ తిరిగి చూడాలి, అది మా ఒప్పందం. రెండుసార్లు చేసింది. మూడోసారి అవతల కుడివైపు బస్టాపులో బస్సు ఆగి ఉంది. ఆ బస్సుని చూస్తూ మిగతాది మర్చిపోయి దిగేసింది. ఎడమ నుంచి సైకిలు. నేను లాగాను, ఇద్దరం పడ్డాం. ఆమె భుజం కమిలింది. సైకిలతను నన్ను తిట్టాడు, న్యాయంగానే.

సాయంత్రం తమ్ముడు ఆ భుజం చూశాడు. నన్నేమీ అనలేదు. కారిడార్లో నిలబడి గోడతో చెప్పినట్టు చెప్పాడు. "పక్షవాతం వచ్చిన రోజు అక్క రెండు గంటలు మెట్ల మీదే పడి ఉంది మేడమ్. నేను వెళ్ళి చూసేసరికి ఒక కన్ను తెరుచుకునే ఉంది, నన్ను చూస్తోంది, మాట లేదు. మళ్ళీ అలా చూడమంటే నావల్ల కాదు."

నేను అతన్ని ఇన్నాళ్ళూ అక్కని వదిలించుకోవాలని చూస్తున్న మనిషి అనుకున్నాను. ఇదీ అడక్కుండానే నింపుకున్న పేజీ.

21, శుక్రవారం

మానేద్దామనుకున్నాను. ఉదయం వార్డుకి వెళ్ళేసరికి ఆమె బూట్లు తొడుక్కుని మంచం అంచున కూర్చుని ఉంది.

"భుజం నొప్పిగా లేదా?"

"ఉంది. పదండి."

"నిన్న పడ్డారు కదా."

"బస్సు వైపు చూశాను, అదీ నా తప్పు. దిమ్మె మీద ఉన్నప్పుడు బస్సు పోయినా ఫర్లేదు నాకు, ఇంకోటి వస్తుంది. పదండి మేడమ్, ఎండెక్కుతోంది."

పద్నాలుగుసార్లు దాటాం. పద్నాలుగుసార్లూ దిమ్మె మీద చుట్టూ తిరిగింది. జనం ఆగి చూశారు. ఒకాయన ఆమెకి కళ్ళు తిరుగుతున్నాయేమో అని చెయ్యి అందించబోతే, "చూస్తున్నానయ్యా, అడ్డం తప్పుకో" అంది.

22, శనివారం

పదిహేను. ఒకటి సందేహం. ఆ ఒకటి కూడా రాసుకుంటున్నాను.

24, సోమవారం

ఇరవై. సందేహాలు లేవు.

ఇంటికి వెళ్ళే దారిలో ఆలోచించాను. మీటింగులో ఈ లెక్కలు చాలు. వార్డు, మెట్లు, రోడ్డు, ఇరవైకి ఇరవై. నాలుగో పేజీ సంగతి ఎత్తాల్సిన పనే లేదు. టీ అలవాటు లేదని పెద్ద డాక్టరుగారికి చెప్పేశాను కదా. ఫారం వచ్చే నెల ఐదు ఆసుపత్రులకి వెళ్తోంది. దాన్ని ఇప్పుడు అల్లరిపాలు చేసి ఎవరికి లాభం?

25, మంగళవారం

లాభం ఎవరికో కాదు. తమ్ముడు ఆ కాగితాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నా సంతకమున్నంత వరకూ అతనికి అదే నిజం. ఇరవైకి ఇరవై అని నేనెంత చెప్పినా, "మీరే కదా రాశారు" అంటాడు. ఆ కాగితాన్ని చింపగలిగేది నేనొక్కదాన్నే.

రేపు చెప్తాను.

26, బుధవారం

చెప్పాను.

పెద్ద డాక్టరుగారు, మాస్టారు, హెడ్డు నర్సు, తమ్ముడు, కండక్టరమ్మ, నేను. ముందు లెక్కలు చదివాను. తమ్ముడు నేననుకున్నట్టే జేబులోంచి కాగితం తీశాడు. "మూడో తారీకున మీరే రాశారు కదా మేడమ్, ఒంటరిగా ఉండకూడదని."

"రాశాను. అది తప్పు. నాలుగో పేజీ నేను ఆమెని అడక్కుండా రాశాను. వంట చేస్తుందని నా అంతట నేనే అనుకుని, ఎప్పుడూ చెయ్యని పని చేయించి, రాలేదని మార్కులు వేశాను. బూట్లు వంటింట్లో ఉన్నాయంటే మతి చలించిందని చార్టులో రాశాను. బూట్లు వంటింట్లోనే ఉన్నాయి."

తమ్ముడి మొహం ఎర్రబడింది. "మీ మాట పట్టుకునే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేశాను. అక్కతో మూడు వారాలుగా పోట్లాడుతున్నాను. ఇప్పుడు తప్పంటే ఎట్లా మేడమ్?" అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఇంకెన్ని పేజీలు ఇలా రాశారు?"

"తెలీదు. వెతుకుతాను."

"వెతికేదాకా ఫారం బయటికి వెళ్ళదు."

"సరే."

ఆయన కండక్టరమ్మ వైపు తిరిగి, "ఇంట్లో పడిపోతే ఎలాగమ్మా?" అని అడిగారు. ఇన్ని వారాల్లో ఇంటికి వెళ్ళే విషయం ఆమెని సూటిగా అడిగిన మొదటి ప్రశ్న అది, అదీ ఆయన అడిగారు.

ఆమె తమ్ముడినే చూస్తూ జవాబిచ్చింది. "ఇంట్లో పడితే మా తమ్ముడు మిమ్మల్ని నిలదీస్తాడు, మీరు ఈవిణ్ణి నిలదీస్తారు. హోములో కుర్చీలో కూర్చుని కూర్చుని పోతే ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అందుకే అది అందరికీ తేలిక. నాకు భయం లేదని కాదురా. ఆ మెట్ల మీద రెండు గంటలు ఉన్నది నేను. నాకు తెలుసు. అయినా అవే మెట్లు దిగుతాను, ఆ బెంచీ దగ్గరికి పోతాను. ఆ పని లేకపోతే పొద్దున్నే లేచి ఎందుకు ఇస్త్రీ చేసుకోవాలి?"

తమ్ముడు తల దించుకున్నాడు. ఆ కాగితం బల్ల మీద పెట్టేసి, "ఫోను మెడలో వేసుకుంటావా?" అన్నాడు.

"వేసుకుంటా."

నాలుగు వారాలు చూద్దామని రాశారు పెద్ద డాక్టరుగారు. ముప్పయ్యో తేదీన ఇంటికి. బయటికొచ్చి కారిడార్ బెంచీ మీద కూర్చుండిపోయాను. సంతోషం వల్లో సిగ్గు వల్లో తేల్చుకోలేకపోయాను. రెండూ ఉన్నాయి.

27, గురువారం

పాత ఫారాలు తీశాను. మొత్తం రెండువందల పన్నెండు. ఆడవాళ్ళవి నూట పదకొండు. అందులో తొంభై ఎనిమిదింట్లో నాలుగో పేజీ మీద ఒకే మాట, "వంట, ఇంటిపని." ఒకే చేతిరాత. మగవాళ్ళ పేజీల్లో "ఉద్యోగం, పేపరు చదవడం."

వాళ్ళలో ఒకామె చేపల వలలు అల్లేదని నాకు గుర్తుంది. అయినా ఆమె పేజీలో కూడా వంటే ఉంది.

రోజుకి ఐదుగురికి ఫోన్ చేసి నాలుగో పేజీ అడుగుతాను. ఇవాళ ఐదుగురితో మాట్లాడాను. ఒకామె నన్ను గుర్తుపట్టలేదు, ఇద్దరు విసుక్కున్నారు, ఒకరు ఇప్పుడెందుకు తల్లీ అన్నారు. ఐదో ఆమె అరగంట మాట్లాడింది.

29, శనివారం

తమ్ముడు ఇంటావిడకి ఖాళీ చెయ్యడం లేదని చెప్పి వచ్చాడట. మెట్లకి రెండోవైపు కూడా రెయిలింగు వేయించాడు. నాకు చెప్పలేదు, మాస్టారు చెప్పాడు. నాతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. ఉండనీ, అది నేను చేతులారా చేసుకున్నదే.

30, ఆదివారం

ఇంటికి వెళ్ళింది. వార్డులోంచి వెళ్ళే ముందు అటూ ఇటూ నడిచి లెక్కపెట్టుకుని, "పదిహేను" అని నవ్వింది. నేను రానా అంటే, "తమ్ముడున్నాడుగా" అంది.

31, సోమవారం

మందుల షాపులో పనుంది, అందుకే ఆ వీధిలోంచి వెళ్ళాను. ఏడుంపావుకి మందుల షాపు తెరవరని నాకు తెలుసు.

ఆమె దిగింది. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు, మెడలో ఫోను. రోడ్డు దగ్గర ఆగింది. నేను కరెంటు స్తంభం వెనక ఉన్నాను, నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, చేతిసంచీ గుండెకి హత్తుకుని. దిమ్మె మీదికి వచ్చింది. ఆగింది. ఎదురుగా టీ కొట్టతను చెయ్యి ఊపాడు, బస్టాపులో ఎవరో లేచి నిలబడ్డారు. ఆమె వాళ్ళ వైపే చూస్తోంది. ఒక కాలు దిమ్మె అంచుకి వచ్చింది. నా నోట్లో ఆమె పేరు సిద్ధంగా ఉంది. పిలవలేదు. పిలిస్తే నా వైపు తిరుగుతుంది, ఆ క్షణంలో ఏమైనా జరగొచ్చు. ఆమె కాలు వెనక్కి తీసుకుంది. కుడివైపుగా, నెమ్మదిగా, పూర్తిగా చుట్టూ తిరిగింది. ఒక వ్యాను పోనిచ్చింది. దాటింది.

అలా తిరిగినప్పుడే నన్ను చూసిందట. కొట్టు దగ్గరికి రమ్మని కర్రతో సైగ చేసింది. టీ ఇప్పించింది. నేను దొంగలా తాగాను.

"మందుల షాపుకి..." అన్నాను.

"తొమ్మిదింటికి తెరుస్తారు" అంది. గ్లాసు కింద పెట్టి, "మేడమ్, మీరు స్తంభం వెనక ఉంటే నేను దాటినట్టా, మీరు దాటించినట్టా?"

నేను సంచీలో చిల్లర వెతికాను.

"నేను పాస్ అవుతానో లేదో మీకు ఇంకా డౌటేనా?"

"డౌటు కాదు. భయం."

"భయపడండి. మీ ఇంట్లో కూర్చుని భయపడండి. రేపు మాత్రం రావద్దు." అంతలో ఒకావిడ వచ్చి పెద్దాసుపత్రికి ఏ బస్సు అని అడిగింది. కండక్టరమ్మ ఇక నన్ను మర్చిపోయింది.

1, మంగళవారం

ఆరున్నరకే వార్డుకి వచ్చేశాను, దారి మార్చుకుని, రెండు వీధులు చుట్టు తిరిగి. ఏడుంపావు. మెట్లు దిగుతూ ఉంటుంది. ఏడున్నర. గడియారం వైపు చూడకూడదనుకుని దాన్నే చూశాను. మాస్టారు ఏదో చెప్తున్నాడు, ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఏడు నలభై. ఫోను బయటికి తీసి, మళ్ళీ సంచీలో పెట్టి, సంచీని అలమరలో పెట్టి తాళం వేశాను. ఐదో నంబరు మంచానికి కొత్తామె వచ్చింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు సాయంత్రం ఐదు. కండక్టరమ్మ పొద్దున రోడ్డు దాటిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి వెళ్ళలేదు.